వెనక వైపు

సిరొంచ తహసీల్ ఆఫీసుకు ఎదురుగా
నాదొక చిన్న దుకాణం.
ఒక స్కానర్, ఒక ప్రింటర్, కరెంటు పోతే ఒక విసనకర్ర.
సాత్‌బారాలు, రేషన్ కార్డులు, కులం దాఖలాలు
అద్దం మీద బోర్లా పడుకోబెట్టి మూత వేస్తాను.
కింద నుంచి ఒక వెలుతురు మెల్లగా పాకుతుంది,
పసిపిల్ల వీపుకు నూనె రాసే చెయ్యిలా.

జాడి బుచ్చుబాయి అంకీస నుంచి వచ్చింది.
చేతిలో ఏమీ లేదు.
గోదారి ఇంట్లోకొచ్చిన రాత్రి
మేకల్ని వదిలింది, పెట్టెను వదిలింది,
మనవణ్ణి మాత్రం ఎత్తుకుంది.
నీళ్లు తీసినంక పెట్టె దొరికిందట.
లోపల కాగితాలన్నీ ఒకటే ముద్ద.
"ఏది పట్టానో, ఏది పెండ్లి పత్రికో
చేతికి తెల్వలే సారూ."

కంప్యూటరిచ్చిన సాత్‌బారాలో
ఆమె నాయిన ఓదెలు లేడు.
టైపు కొట్టిన పిల్లాడిది ఏ ఊరో,
ఓదెలు వాడి చెవిలో 'వడీల్' అయ్యాడు.
మరాఠీలో వడీల్ అంటే తండ్రి.
మూడెకరాల మిరప చేనుకు హక్కుదారు: తండ్రి.
బుచ్చుబాయి నవ్వింది.
"నాకైతే నాయినే గదా, తప్పేమున్నది?"
తలాఠీ నవ్వలేదు.
"తాలూకాలో అందరికీ తండ్రులున్నారు బాయీ,
ఈయన నీ తండ్రేనని కాయిదం తే."

వెతికాను.
నాలుగేళ్ల కిందటి ఫోల్డర్, దాని కడుపులో ఇంకో ఫోల్డర్,
నేనే పెట్టిన దిక్కుమాలిన పేర్లు:
కొత్తది, కొత్తది రెండు, చివరిది, అసలు చివరిది.
అందులో ఉంది.
గుండ్రటి ముద్ర, మడత మీద చిరుగు,
అంచున తొందరలో పడ్డ నా బొటనవేలు.
మరాఠీ చేతిరాతలో స్పష్టంగా ఓదెలు,
కింద తెలుగులో వంకర సంతకం.
గోదారికి అందనిదొకటి నా దగ్గర మిగిలింది!
ఆ క్షణం నేను దేవుణ్ణి కాదు గానీ
తహసీల్దారంతటి వాణ్ణి.

బుచ్చుబాయి చాలాసేపు చూసింది.
"ఇగ మర్లెయ్యి బిడ్డా."
బటన్ నొక్కాను. కాగితం పక్కకు ఒరిగింది.
మళ్లీ నొక్కాను. తలకిందులైంది.
"అట్ల గాదు. ఎన్కకు."

ఎన్ని నొక్కినా దానికి వెనక లేదు.

ఆరోజు ఆమె అడిగింది, నాకు గుర్తే.
నేనే అన్నాను:
వెనకది సర్కారుది కాదు, పది రూపాయలు దండగ.

వెనక పెన్సిలుతో ఓదెలు రాసుకున్నాడట.
మిరపకాయల బాకీ ఎవరిది,
ఎర్రెద్దు ఏ ఏడు పడిపోయింది,
పిల్లలు ఎప్పుడెప్పుడు పుట్టారు.
బుచ్చుబాయి కంటే పైన ఒక వరస:
ఆడపిల్ల. బుధారం. పెద్దవాన.
పదకొండు దినాలే.
పేరు పెట్టే రోజు దాకా రాలేదు,
ఏ రిజిస్టరూ ఆమెను ఎరగదు.
"నాకన్న పెద్దది," అంది
అరవై దాటిన మనిషి
పదకొండు దినాల అక్క గురించి.

ప్రింటు తీసిచ్చాను.
తిప్పి చూసింది. తెల్లగా ఉంది.
"ఈడ రాయి."

నాది మరాఠీ బడి.
తెలుగు నా నోట్లో ఉంది, వేళ్లలోకి దిగలేదు.
మరాఠీ అక్షరాల్లోనే రాశాను.
వాటిలో 'పె'కు పొట్టి లేదు, అంతా పొడుగే.
చదివి వినిపిస్తే
పెద్దవాన పేద్దవాన అయింది.
"పేద్దగనే పడ్డదట," అంది.

డబ్బులిచ్చి, నాలుగు మడతలు పెట్టబోయి ఆగింది.
"దీన్ని గూడ దాంట్ల పెట్టు.
రెండు దిక్కులా. ఎంతైతది?"

మూత ఎత్తాను.
అద్దం ఇంకా వెచ్చగానే ఉంది.